సుల్తానా కొలతకు కోసిన బల్ల

ఎనభై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో రాజేశ్వర్ రావుకు సముద్రం పిచ్చి పట్టింది. కలప కాంట్రాక్టరు కొడుక్కి పట్టాల్సిన పిచ్చి కాదది. కానీ డబ్బున్న ఇంట్లో ఏ పిచ్చయినా ముచ్చటగానే ఉంటుంది. గోవాలో ఒక తెల్లవాడి దగ్గర నిలువెత్తు పలక కొనుక్కొచ్చాడు. దాని మీద నిలబడి అల మీంచి జారడం నేర్చాడట. ఇప్పుడు స్నేహితులతో భీమిలి పోయి వారం రోజులు ఒడ్డునే ఉండాలి. అందుకని వేలంలో పాత పికప్ బండి ఒకటి పాడుకుని, ములుగు రోడ్డు మీద లారీ బాడీలు కట్టే నయీముద్దీన్ షెడ్డు ముందు ఆపాడు.

"దీన్ని ఇల్లు చెయ్యాలె నయీం భాయ్. పండేటందుకు బల్ల, స్టవ్వుకు జాగ, మీద పలకలు కట్టుకునేటందుకు కమ్మీలు."

"ఇండ్లు ఇడిసిపెట్టి బండ్లల్ల పండుడేంది సార్?" నయీం నవ్వాడు.

"నువ్వు సుత రా. మొదటి ట్రిప్పుకు భాబీని తీస్కోని రా. మీ ఇద్దరికి ఒక సీటు ఏసుకో."

ఊరికే అన్నాడు. ఇట్లాంటివాళ్లు చాయ్ తాగుతూ ఊరికే చాలా అంటారు. నయీం మాత్రం ఆ మాటను జాగ్రత్తగా ఇంటికి మోసుకుపోయాడు.

మోసుకుపోవడానికి కారణముంది. అతని భార్య సుల్తానా బేగం తండ్రి పదేళ్ల కింద ఓడలో హజ్‌కు పోయి, తిరిగొస్తూ నడిసముద్రంలో కన్నుమూశాడు. కఫన్ గుడ్డ చుట్టి, నమాజు చదివి, నీళ్లలోకి దించామని తోటి హాజీలు వచ్చి చెప్పారు. గోరీ లేదు. ఉన్నా వాళ్లింటి ఆడవాళ్లు ఖబరస్తాన్ లోపల అడుగు పెట్టరు, గోడ బయటనే ఆగిపోతారు. "సముద్రానికి గోడ లేదు గదా," అనేది సుల్తానా. "ఒడ్డుకు నిలవడి అబ్బా పేరు మీద ఒక్క ఫాతిహా దువా సదివొస్త." ఆయన పోయింది అవతలి సముద్రంలో అంటే, నీళ్లన్నీ ఒకటేననేది. నయీం ఏటా సరేనన్నాడు, ఏ ఏడూ తీసుకుపోలేదు.

శుక్రవారం షెడ్డు మూసి ఉన్న పూట ఆమెను తీసుకొచ్చి ప్లైవుడ్ మీద పడుకోబెట్టాడు. తల దగ్గర ఒక గీత, మడమల దగ్గర ఒక గీత గీశాడు. "కాళ్లు మంచిగ చాపు," అన్నాడు. ఒక్క గదిలో ఆరుగురి మధ్య ఆమె కాళ్లు చాపి ఎన్నేళ్లయిందో! దారిలో ఆమె నడుం వాల్చేది దాని మీదే గదా అని బల్ల ఆ గీతలకే కోశాడు. మిగిలిన జాగాలో ఇద్దరు కూర్చునే బెంచీ, పక్కన ఆమె కంటి ఎత్తుకు జానెడు కిటికీ, పరదాకు తీగ.

మరి రావు పొడుగు? నయీంకు ఆ ఆలోచనే రాలేదు. లారీ క్యాబిన్‌లో పడుకునే బల్ల ఐదడుగులు దాటదు. డ్రైవర్లు, క్లీనర్లు మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంటారు. ఇరవై ఏళ్లలో ఒక్కడూ బల్ల పొట్టిదని అనలేదు. బండిలో పడుకునే మగాడు ముడుచుకునే పడుకుంటాడని అతను నమ్మాడు.

రావు వచ్చి బల్ల మీద వాలాడు. కాళ్లు బెంచీ మీదికి వేలాడాయి. స్నేహితులు పకపకా నవ్వారు.

"ఎవని కొలత ఇది నయీం?"

పరాయి మగవాళ్ల ముందు పెళ్లాం కొలత అని ఎట్లా చెబుతాడు? "నాదే తప్పు సార్. జర మోకాళ్లు ముడిస్తే సరిపోతది."

"నేనేమన్న క్లీనర్నా? ఆ బెంచీ తీసేసి బల్ల పొడుగు చెయ్యి. ఎల్లుండి పోవాలె."

"బెంచీ మా ఇద్దరికి సార్. మీరే అంటిరి గదా."

రావుకు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా సిగ్గు రాలేదు. "అరే, మీకెందుకు భాయ్ సముద్రం? ఉప్పునీళ్లే గదా. మల్లెప్పుడన్న పోదాం తియ్యి."

మామ సంగతి నయీం నోటిదాకా వచ్చింది. చచ్చినవాణ్ని చూపించి సీటు అడుక్కోవడానికి మనసొప్పలేదు. రంపం తీసి తన బెంచీని తనే కోసి, బల్లను ఆ మేర పొడిగించాడు. ఆ కిటికీ ఇప్పుడు రావు పిక్కల పక్కన ఉంది.

అప్పటికే ఉతికి ఆరేసిన బురఖాను సుల్తానా మడతపెట్టి పెట్టెలో దాచింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండునని నయీంకు అనిపించింది. తండ్రి రుమాలులో గులాబీ రేకులు మూటగట్టి ఇచ్చింది. "నేను పోకున్నా ఇవన్న పోవాలె. నీళ్లల్ల ఇడువుమను." సముద్రంలో విడవమని చెప్పి నయీం ఆ మూటను రావు చేతిలోనే పెట్టాడు. "ఫికర్ చెయ్యకు," అన్నాడు రావు.

మూడు వారాలకు బండి మళ్లీ షెడ్డుకు వచ్చింది. తలుపు కబ్జా ఊడి రెక్క వేలాడుతోంది. "కాళ్లు చాపుకోని మస్తుగ పండిన భాయ్!" అంటూ రావు చాయ్ కొట్టు వైపు పోయాడు. నయీం బల్ల కింద ఇసుక ఊడుస్తుంటే మూలన రుమాలు మూట దొరికింది. ముడి కూడా విప్పలేదు. రంపం పట్టి బండిని నిలువునా కోయాలన్నంత కోపం వచ్చింది. కబ్జా బిగించి పంపించాడు.

మూట జేబులో పెట్టుకుని ఇంటికి పోయేసరికి సుల్తానా గుమ్మంలోనే ఉంది.

"ఇడిసిండా?"

"ఇడిసిండట. అల వచ్చి తీస్కపోయిందట."

ఆమె ముఖం విప్పారింది. పదేళ్లలో అంత తేటగా ఆ ముఖాన్ని అతను చూడలేదు. రొట్టెలు చేయడానికి లోపలికి పోయింది. పిండి కలుపుతూ కలుపుతూ చేతులు ఆపి, తల తిప్పి అడిగింది.

"మరి ఫాతిహా ఎవరు సదివిండ్రు?"

నయీం చెయ్యి జేబులోని మూట మీదికి పోయింది.