జ్వరానికి పెట్టిన కోడి

డమాస్కస్ వైద్యశాలలో ఆడవాళ్ళ గది ఊడవడం మూనిసా పని. తెల్లవారగానే నీళ్ళు చల్లి, ఊడుస్తూ, ఎవరికి జ్వరం దిగిందో చూసేది. దిగిన జ్వరం బూడిదరంగు పిల్లిలా మంచం కింద కూర్చుని ఉండేది. చీపురుతో అదిలిస్తే వాకిలి దాటి పోయేది. కొన్ని మొండివి. వాటికి రెండు తగిలించాలి.

జ్వరం దిగినవాళ్ళకి హకీం గారు ఒక కోడినీ రొట్టెనీ పంపేవారు. అంతా తినగలిగితే నయమైనట్టే. కొత్త బట్టలిచ్చి ఇంటికి పంపేస్తారు. ఆ కోడి కోసం అందరూ ఎదురుచూసేవాళ్ళు, షుహ్దా తప్ప.

షుహ్దా అద్దకాల సైదూన్ కొన్న బానిస. మోచేతుల దాకా నీలిరంగు, దాని కింద కాలిన మచ్చలు. రంగు సరిగా పట్టకపోతే ఆమె చేతులు పట్టుకుని మరిగే కాగులో ముంచేవాడు. అంతకుముందు కొన్న పిల్ల ఆ పుండ్లతోనే పోయింది.

షుహ్దా పళ్ళెం ఎప్పుడూ ఖాళీ అయ్యేది. సాయంత్రానికి మళ్ళీ పిల్లి గుండెల మీదికెక్కి పడుకునేది. హకీం గారు నాడి చూసి, మూత్రపు సీసా వెలుతురుకి పట్టి చూసి, ఏమీ తోచక వెళ్ళిపోయేవారు. మనిషి పుల్లలా అయిపోయింది. ఒకరోజు మూనిసా వంగి చూస్తే ఆ పిల్ల కోడిని తుంపి మంచం కిందికి వేస్తోంది. పిల్లి బాగా బలిసింది.

“దాన్ని మేపుతున్నావా పిల్లా? అది నిన్ను తినేస్తుందే.”

“తిననీ పిన్నీ. మెల్లిగానే తింటోందిగా,” అంది షుహ్దా.

మూనిసా చీపురెత్తింది గాని కొట్టలేకపోయింది. పిల్లి పోతే పిల్ల సైదూన్ ఇంటికి పోవాలి. వాడు రోజూ వాకిట్లో గాడిదని కట్టేసి, తన పని పాడైపోతోందని కాపలావాడితో తగువు పడుతున్నాడు. చివరికి కోడికాలు ఒకటి విరిచి గుడ్డలో చుట్టింది.

“మిగతాది నువ్వు తిను. ఇది మీ అయ్యగారి సంచిలో పడెయ్. పిల్లికి మనిషితో పనిలేదు, తిండి ఎటుంటే అటే పోతుంది.”

షుహ్దా ఏడుస్తూనే మిగతాదంతా తింది. హకీం గారు ఎముకలు చూసి సంతోషించి బట్టలిప్పించారు.

“కూర్చోబెట్టి మేపితే రాణీగారివైపోయావే, నడు,” అన్నాడు సైదూన్. అతని వెనకాల, గాడిదకి వేలాడే సంచి మీదికి పిల్లి ఎగిరి సర్దుకుని కూర్చుంది. గాడిద కదలట్లేదని దాన్నీ తిట్టాడు. కాపలావాడు పిల్లిని చూశాడు, మూనిసాని చూశాడు, తలుపు మూసేశాడు.

కొద్దిరోజులకే సైదూన్‌ని మోసుకొచ్చి మగవాళ్ళ గదిలో పడుకోబెట్టారు. సేవకి షుహ్దా వచ్చింది. కోడి వచ్చినప్పుడల్లా ముక్కలు తుంపేది, అతని పెదవుల దాకా ఒకటి, మంచం కిందికి ఒకటి. అంత చేసినవాడికి ఎంత సేవ చేస్తోందోనని పక్క మంచాలవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఆ గది ఊడ్చే ముసలి తర్ఖాన్ కొలను దగ్గర మూనిసాతో తన బాధ చెప్పుకున్నాడు. సైదూన్ మంచం కింద పిల్లి ఎంత అదిలించినా కదలట్లేదట. కాస్త వచ్చి తరిమిపెట్టమన్నాడు.

మూనిసా చేతులు నీళ్ళలోనే ఉంచింది.

“ఇవాళ కోడి పంపారా?”

“ఇప్పుడే పంపారు.”

“అయితే ఉండనీలే అన్నా. తిననీ.”