కింద బంతి

బంతి మెత్తబడింది.

బేస్‌బాల్ ఆటలో ఆఖరిదైన తొమ్మిదో విడతకి ఉడికిన దుంపలా తయారైంది. మధ్యాహ్నం నుంచీ అదొక్కటే బంతి — పొగాకు ఉమ్మి, నది ఒడ్డు మట్టి, అందరి చెమట. బంతి వేసే ఎమ్మెట్ డూలన్ బొటనవేలితో నొక్కాడు. సొట్ట పడింది, అలాగే ఉండిపోయింది.

అవతలి జట్టుకి ఇంతవరకూ ఒక్క పరుగు లేదు.

సున్నా.

ఎవరిదీ సున్నా? తన చేతిది మాత్రం కాదు. మోచెయ్యి పొద్దున్నే వాచింది. ఎవరికీ చెప్పలేదు. వేసిన ప్రతి బంతికీ లోపల ఏదో చిరుగుతోంది... అయినా సున్నా.

"ఒక్క పరుగిచ్చావా, రేపటి రైల్లో నీకు చోటు లేదు," అన్నాడు తమ జట్టు మేనేజర్, ఆటకి ముందు గేటు దగ్గర, పదిమందీ వింటుండగా. ఆ పదిమందిలో ఓట్టో ఉన్నాడా? గుర్తు రావడం లేదు.

ఇద్దరు అవుటయ్యారు; ఇంకొక్కడు అవుటైతే ఆట ముగిసినట్టే. పరుగుకి ఒక్క అడుగు దూరంలో, మూడో బేస్ మీద ఒకడు కాచుకుని ఉన్నాడు. బ్యాట్ పట్టుకుని ఓట్టో క్రాఫ్ట్ వచ్చాడు.

ఓట్టో... ఐదేళ్ళు ఎమ్మెట్ బంతుల్ని వెనక నిలబడి ఉత్త చేతులతో పట్టినవాడు. ఆ వేళ్ళ వంకరలన్నీ ఎమ్మెట్ చలవే. ఈ ఏడే అవతలి జట్టుకి వెళ్ళాడు.

పై బంతి కావాలో కింద బంతి కావాలో కొట్టేవాడే అడుగుతాడు. అడిగిన ఎత్తులోనే వెయ్యాలి. ఓట్టో పై బంతి తప్ప అడిగి ఎరగడు. కింద బంతి అతనికి చస్తే తగలదు.

"పైకేగా?" అన్నాడు అంపైర్.

ఓట్టో ఎమ్మెట్ మోచేతి వైపు చూశాడు. నది వైపు చూశాడేమో కూడా.

"కిందకి."

ఎందుకు?

ఎమ్మెట్‌కి సిగ్గేసింది. కోపమొచ్చింది. ఆ రెండింటి అడుగున — పాడు సంతోషం.

వేశాడు. ఓట్టో ఊపాడు — గాలి.

మళ్ళీ — గాలి.

మూడోసారి — ఇదీ తప్పితే అవుటే — పళ్ళు బిగించి, నిజంగా కొట్టేవాడిలాగే ఊపాడు.

గాలి.

"గెలిచిన బంతి, నువ్వే ఉంచుకో," అన్నాడు మేనేజర్. "ఆరింటికల్లా స్టేషన్లో ఉండు."

గేటు దగ్గర ఓట్టోకి అడ్డం నిలబడ్డాడు ఎమ్మెట్.

"కింద బంతి ఎందుకడిగావురా?"

"అలవాటు చేసుకుందామని."

"దానికి ఇవాళే దొరికిందా నీకు?"

ఓట్టో బంతి లాక్కున్నాడు. వంకర బొటనవేలితో గట్టిగా నొక్కి, తిరిగి చేతిలో పెట్టాడు.

"గెలిచావుగా, ఇంకేం కావాలి? పోయి ఆ మోచేతికి ఐసు పెట్టుకో."

ఓట్టో వెళ్ళిపోయాడు. ఎమ్మెట్ బంతి వంక చూశాడు. రెండు సొట్టలు, పక్కపక్కనే. ఏది తనదో తేలలేదు.

వేలు పెట్టి చూశాడు... రెండింట్లోనూ సరిపోయింది.