నోరీన్‌కు పెట్టని పళ్ళెం

కుందేలు మాంసం తినడం ఎందుకు మానేశారని మా ఊళ్ళో ఎవరినడిగినా, తెగులు వచ్చిందనో, తర్వాత కోళ్ళు చవకయ్యాయనో చెబుతారు. అవి అబద్ధాలేం కావు. కానీ ఆస్ట్రేలియాలోని మా విరాబిన్‌లో మాత్రం అది పందొమ్మిది వందల యాభయ్యొకటి జనవరిలో, ఒక బుధవారం మధ్యాహ్నం, మా ఇంటి వసారాలో ఆగిపోయింది. అప్పుడు పళ్ళెం నా చేతిలో ఉంది.

నా భర్త క్లారీ హాకింగ్ అప్పటికి పదకొండేళ్ళుగా గుర్రబ్బండి మీద కుందేళ్ళు అమ్ముతున్నాడు. వారానికి మూడు రోజులు తెల్లారేసరికి ఉచ్చులు చూసుకుని వచ్చేవాడు. నేను పొట్టలు చీల్చి, కడిగి, జతలుగా కట్టి బండి కర్రకు వేలాడదీసేదాన్ని. వీధి మొగలో "కుందేళ్ళోయ్!" అన్న కేక వినబడగానే ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని గేట్ల దగ్గరికి వచ్చేవారు. అతను వాళ్ళ ఎదుటే తోలు ఒలిచి ఇచ్చేవాడు. తోళ్ళు మాకే మిగిలేవి, టోపీలు చేసేవాళ్ళకు అమ్మేవాళ్ళం. మా ఊళ్ళో గొర్రెమాంసం ఆదివారం ముచ్చట, మిగతా రోజులన్నీ కుందేలే. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వేసి ఉడికిస్తే ఒక జత ఇంటిల్లిపాదికీ సరిపోయేది. మగవాళ్ళు దాన్ని "బొరియ మటన్" అని వెక్కిరిస్తూనే రెండోసారి వడ్డించుకునేవారు.

అంతకు ముందు శీతాకాలంలో ప్రభుత్వం వాళ్ళు వచ్చి, మర్రే నది ఒడ్డు బొరియల్లో తెగులు ఎక్కించిన కుందేళ్ళను వదిలి వెళ్ళారు. గడ్డంతా మేసేస్తున్నాయని గొర్రెల ఆసాములు మొత్తుకుంటే చేసిన పని అది. కొన్ని నెలలు ఏమీ కాలేదు. తర్వాత నదికి వరదొచ్చి తీసింది, పల్లాల్లో నీళ్ళు నిలిచాయి, దోమలు ముసురుకున్నాయి. క్రిస్మస్ నాటికి కుందేళ్ళు వేలల్లో చావడం మొదలైంది. కళ్ళు వాచి మూసుకుపోయి, పట్టపగలు దారి మధ్యలో కూర్చుని ఉండేవి. బండి మీదికొస్తున్నా కదిలేవి కావు. క్లారీ నది వైపు పోవడం మానేసి, దక్షిణాన ఇరవై మైళ్ళ దూరంలోని ఇసుక దిబ్బలకు వెళ్ళసాగాడు. అక్కడ తెగులు లేదని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. అతని మాట మీద ఊరికి నమ్మకం ఉండేది.

జనవరిలో పిల్లలకు జ్వరాలు పట్టుకున్నాయి. ఒళ్ళు కాలిపోయేది, మెడ కొయ్యబారేది, ఆపైన ఫిట్స్. రెండు వారాల్లో ఇద్దరు పిల్లలు పోయారు. అదేం జబ్బో ఆసుపత్రిలో చెప్పలేకపోయారు. జనం మాత్రం చెప్పేసుకున్నారు, ఇది కుందేలు తెగులేనని.

ఆ సోమవారం ఉదయం పెరట్లో కూర్చుని కుందేళ్ళు శుభ్రం చేస్తుంటే, ఒకదాని ఎడమ కంటి రెప్ప కాస్త ఉబ్బినట్టు కనిపించింది. కంటి కొనలో తడి ఉంది. చాలాసేపు అలాగే చూశాను. ఉచ్చులో గింజుకున్నప్పుడు దెబ్బ తగిలిందేమో, ఏదైనా పురుగు కుట్టిందేమో. చీల్చి చూస్తే మాంసం బాగానే ఉంది, కార్జం మీద మచ్చ కూడా లేదు. క్లారీ అవతల గుర్రానికి నీళ్ళు పెడుతున్నాడు. చెబితే బండెడు కుందేళ్ళూ గోతిలో పారేస్తాడు, అలాంటి మనిషి. ఆ వారం మా తిండీ తిప్పలూ ఆ బండి మీదే ఉన్నాయి. నేను దాని తల నరికి పొయ్యిలో పడేసి, ఇంకో మంచిదానితో జత కట్టాను.

ఆ జత మా పక్కింటి డల్సీ ప్రౌస్ తీసుకుంది. బండి ఇంకా మా వాకిట్లో ఉండగానే గిన్నెతో వచ్చింది.

"ఏమే ఐవీ, దీనికి తలేదీ?"

"ఉచ్చులో నలిగిపోయిందే. తీసేశాను."

"పోనీలే, మొహం చూసి మనువాడాలా ఏంటి!" అని నవ్వి పట్టుకుపోయింది.

ఆ రోజు నుంచీ మా ఐదేళ్ళ నోరీన్‌కు నేను కుందేలు పెట్టలేదు. గుడ్లూ రొట్టే పెట్టాను. క్లారీ అది గమనించలేదు.

బుధవారం పొద్దున డల్సీ వాళ్ళింట్లోంచి కేక వినబడింది. మనిషి కేకలా లేదు. పరిగెత్తి కంచె దగ్గరికి వెళ్ళేసరికి, ఆమె భర్త లిండ్సే ఆరేళ్ళ బెత్‌ను దుప్పట్లో చుట్టి ట్రక్కు ఎక్కిస్తున్నాడు. పిల్ల తల వెనక్కి వాలి బిగుసుకుపోయి ఉంది. డల్సీ నా వైపు చూడలేదు. నా చేతులకు అప్పుడే కడుగుతున్న కుందేళ్ళ నెత్తురుంది. ఆ చేతులు వెనక్కి దాచుకున్నాను.

మధ్యాహ్నం లిండ్సే ఒక్కడే తిరిగొచ్చాడు. వెంట ఎండుద్రాక్ష షెడ్డులో తనతో పనిచేసే ఇద్దరు మగవాళ్ళున్నారు.

"ఒరేయ్ క్లారీ! బయటికి రారా!"

క్లారీ బయటికి వెళ్ళాడు. "బెత్‌కి ఎలా ఉందిరా?"

"నువ్వడుగుతావా ఆ మాట? సోమవారం నీ బండి దగ్గర కొన్నాం. సోమ, మంగళ రెండు పూటలా అదే తిన్నది. ఇవాళ వాళ్ళమ్మని కూడా గుర్తుపట్టట్లేదురా అది!"

"లిండ్సే, నా మాట విను. నావి దిబ్బల కుందేళ్ళు. నది పక్కవి కావు."

"కుందేలు మొహాన రాసుంటుందేంట్రా ఏ దిబ్బదో!" అన్నాడు వెంట వచ్చినవాళ్ళలో ఒకడు. బండి చక్రాన్ని బూటుకాలితో తన్నాడు. గుర్రం బెదిరి పక్కకు లాగింది. కర్రకు వేలాడుతున్న జతలు కొన్ని దుమ్ములో పడ్డాయి. ఈలోగా కంచెల వెంట ఆడవాళ్ళు చేరారు. రోజూ గిన్నెలు పట్టుకొచ్చేవాళ్ళే. ఇప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

క్లారీ నా వైపు తిరిగాడు. "ఐవీ, చెప్పు వీళ్ళకి. ఒక్కోదాన్నీ నీ చేత్తో చూసి కడతావు కదా. ఎప్పుడైనా జబ్బుది అమ్మామా మనం?"

అతను నా జవాబు కోసం ఆగలేదు. బండి మీది నుంచి ఒక కుందేలు తెంపి నా చేతికిచ్చాడు.

"వండు. వీళ్ళ ముందే తింటాం."

దాని కళ్ళు చూశాను. తేటగా ఉన్నాయి. ఆ ఉదయం వచ్చిన సరుకంతా ఒక్కోదాన్నీ మూడేసిసార్లు చూశాను. ఎందులోనూ వంక లేదు. ముక్కలు కోశాను. గొర్రె కొవ్వులో వేయించాను. పావుగంటలో వేగేదాన్ని అరగంట పొయ్యి మీదే ఉంచాను, అంచులు నల్లబడేదాకా. వాళ్ళు బయట ఆ ఎండలోనే నిలబడి ఉన్నారు.

వసారాలో బల్ల మీద పెట్టాను. క్లారీ పెద్ద ముక్క తీసుకుని తిన్నాడు. ఎముక చీకి చూపించాడు. నేనూ ఒక ముక్క తిన్నాను. రుచి తెలియలేదు.

"చాలా?" అన్నాడు క్లారీ.

లిండ్సే గేటు పట్టుకుని నిలబడ్డాడు. అతని గొంతు అప్పటికి తగ్గిపోయింది. "పెద్దవాళ్ళకి ఎక్కడొస్తోందిరా? పిల్లలకే కదా వస్తోంది. నీ కూతురు మా దాని కంటే ఏడాది చిన్న. దానికి పెట్టు. పెడితే ఇక్కడే నీ కాళ్ళు పట్టుకుని పోతాను."

నోరీన్ దోమతెర తలుపు వెనకే ఉంది. వేపుడు వాసనకు అప్పటికే రెండుసార్లు తొంగి చూసింది. తన ఊసు వినగానే బయటికొచ్చి బల్ల ముందు కుర్చీ ఎక్కింది.

"పెట్టు ఐవీ," అన్నాడు క్లారీ. నవ్వుతున్నాడు కూడా. గెలిచేశాననుకున్నాడు పాపం.

నేను చిన్న పళ్ళెంలో వెనక కాలు ముక్క వేశాను. మెత్తగా ఉంటుందని నోరీన్‌కు ఎప్పుడూ అదే పెట్టేదాన్ని. పళ్ళెం దాని వైపు జరిపాను. అది రెండు చేతులూ చాచింది. నా కళ్ళ ముందు ట్రక్కులో బెత్ మెడ మెదిలింది.

పళ్ళెం వెనక్కి లాగేసుకున్నాను.

"అమ్మా, నాకు!" అంది నోరీన్.

నేను పళ్ళేన్ని గుండెకు అదుముకున్నాను. వేడి కొవ్వు గౌను మీద ఒలికింది. లిండ్సే నన్ను ఒక్క క్షణం చూశాడు. తిడతాడనుకున్నాను, కొడతాడేమో కూడా అనుకున్నాను. అతను గేటు మెల్లగా మూసి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి పోయారు. క్లారీ నోట్లో ఇంకా ముద్ద ఉంది. అది మింగలేక, ఉమ్మలేక నా వైపే చూస్తున్నాడు.

లోపలికి వెళ్ళాక తల సంగతి చెప్పాను. అతను కేకలు వేయలేదు. "ఎడమ కన్నేనా?" అని మాత్రం అడిగాడు. తర్వాత వెళ్ళి బండి మీది కుందేళ్ళన్నీ గోతిలో వేసి సున్నం చల్లి పూడ్చాడు. సాయంత్రం దాకా గుర్రం దగ్గరే కూర్చున్నాడు.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్ళాను. డల్సీ వరండాలో బెంచీ మీద ఉంది, మొహం పీక్కుపోయింది. కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. రెప్ప ఉబ్బడం, తల నరకడం, ఉచ్చులో నలిగిందని చెప్పడం, అంతా.

ఆమె తన చేతులు చూసుకుంది. "వండింది నేను," అంది. "వద్దమ్మా అంటుంటే నేనే నోట్లో కుక్కాను. నువ్వు ఇది నాకు చెప్పకుండా ఉండాల్సింది ఐవీ. ఇప్పుడు నిన్ను తిట్టాలి. నాకు ఓపిక లేదు. పో ఇక్కణ్ణించి."

బెత్ బతికింది. పన్నెండో రోజు కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. కుడిచెయ్యి మాత్రం మునుపటిలా పనిచేయలేదు. బడిలో ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది.

కొన్ని వారాల తర్వాత మెల్‌బోర్న్ నుంచి డాక్టర్లు చెప్పారు, ఈ జ్వరం వేరు, కుందేలు తెగులు వేరు. వరద నీళ్ళలో పుట్టిన దోమలే పిల్లలకు జ్వరం తెచ్చాయట. కుందేళ్ళ తెగులు మనుషులకు అంటదని తేల్చడానికి పెద్ద శాస్త్రవేత్తలే దాన్ని తమ ఒంట్లోకి ఎక్కించుకున్నారని, వాళ్ళకేమీ కాలేదని రేడియోలో వచ్చింది. ఆ వార్త విన్న సాయంత్రమే లిండ్సే మా గేటు దగ్గరికి వచ్చి టోపీ తీశాడు.

"తప్పయిపోయిందిరా క్లారీ."

"బెత్ ఎలా ఉంది?"

"నడుస్తోంది."

"అది చాలు," అన్నాడు క్లారీ.

ఆ శుక్రవారం అతను బండి కట్టాడు. ఇసుక దిబ్బల నుంచి ఇరవై జతలు తెచ్చాడు. నేను ఒక్కో తలా చూశాను, ఒక్కటీ నరకలేదు. ఊళ్ళో ఒక్క వీధీ వదలకుండా కేకేశాడు. ఆడవాళ్ళు గేట్ల దగ్గరికి వచ్చారు. గుర్రాన్ని నిమిరారు, క్షేమం అడిగారు. ఎవరి చేతిలోనూ గిన్నె లేదు. "పిల్లలు ఒద్దంటున్నారు క్లారీ," అంది ఒకామె. "నిన్న సూప్ మిగిలిపోయింది," అంది ఇంకొకామె. చీకటి పడకముందే ఇరవై జతలతోనూ తిరిగొచ్చాడు.

"రేడియో విన్నారు కదా అందరూ," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"విన్నారు. నీ చెయ్యి కూడా చూశారు," అన్నాడు. కోపంగా అనలేదు. బూట్లు విప్పుకుంటూ అన్నాడు. "నేనైనా ఆ పూట దానికి పెట్టమని అనకుండా ఉండాల్సింది."

ఇంకో రెండు వారాలు తిరిగాడు. ఆ తర్వాత గుర్రాన్ని ద్రాక్షతోటల వాళ్ళకు అమ్మేసి, నది దగ్గర పంపుహౌసులో పనికి చేరాడు. తోళ్ళు ఆరబెట్టే తీగలు ఊడదీశాడు. కొన్నేళ్ళకు కుందేళ్ళు మళ్ళీ పెరిగాయి. కుర్రాళ్ళు సరదాకు కొట్టి కుక్కలకు వేసేవారు. కసాయి కొట్టువాడు ఒకటి రెండుసార్లు వేలాడదీసి, ఈగలు ముసిరాక తీసేశాడు.

మే నెలలో చలి మొదలైన రోజుల్లో, ఒక ఆదివారం లిండ్సే కాళ్ళు కట్టేసిన కోడిని తెచ్చి మా వసారాలో పెట్టి, వెళ్ళిపోయాడు. డల్సీ అప్పటికి పెరట్లో కోళ్ళు పెంచుతోంది. క్లారీ దాన్ని కోసి, పీట మీద కూర్చుని ఈకలు పీకడం మొదలుపెట్టాడు. ఒక్కో ఈకతో పాటు తోలూ ఊడి వస్తోంది. అరగంట తంటాలు పడినా సగం కూడా కాలేదు. నోరీన్ పక్కన కూర్చుని ఈకలు తలలో గుచ్చుకుంటోంది. నేను లోపలి నుంచి చూస్తూ నవ్వు ఆపుకుంటున్నాను.

అప్పుడు కంచె అవతలి నుంచి డల్సీ గొంతు వినబడింది. ఆసుపత్రి తర్వాత మా ఇంటి వైపు ఆమె పలికిన మొదటి మాటలవి.

"పొడి కోడిని పీకుతున్నాడేంటే మీ ఆయన! ఏయ్ ఐవీ, మరిగే నీళ్ళల్లో ముంచమని చెప్పవే!"

నేను పొయ్యి మీద నీళ్ళు పెట్టడానికి లేచాను.