తడిసిన రాళ్ళు

"ఆ కాకిబంగారం డబ్బా ఎక్కడ పెట్టావమ్మాయ్?" అని అత్తగారు అడిగేసరికి కోడలు దుప్పటి మడతపెడుతోంది. ఒక అంచు గడ్డం కింద ఇరికించుకుని, రెండు చేతులూ బారచాపి మిగతాది పట్టుకుని ఉంది కాబట్టి వెంటనే జవాబు చెప్పలేకపోయింది. ఆ ఇంట్లో దుప్పటికి రెండో వైపు పట్టుకోవడానికి మనిషి దొరకడు. దొరికినా సరిగ్గా అప్పుడే ఆ మనిషికి ఫోను వస్తుంది. అందుకని గడ్డంతో మడవడంలో ఆమె ఆరితేరిపోయింది.

"బీరువా అడుగు అరలో ఉందత్తయ్యా" అంది గడ్డం ఖాళీ అయ్యాక. ఎందుకని మాత్రం అడగలేదు. ఎందుకని అడిగితే జవాబు వస్తుంది, జవాబు వెనకాలే ఇంకో పని వస్తుంది. అడగడం మానేసి చాలాకాలమైంది. పనికి ఆలస్యమవుతోందని మిగిలిన దుప్పట్లు కుర్చీ మీద పడేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ డబ్బాని అత్తగారు ఇన్నేళ్ళలో కొనగోటితోనైనా ముట్టుకున్నది లేదు. ఒకప్పటి బిస్కెట్ల డబ్బా అది. అందులో పాతకాలపు గిల్టు నగలుంటాయి. ఆకుపచ్చ గాజురాళ్ళు పొదిగిన ఆకు ఆకారపు బ్రోచ్, చెవులు కుట్టించుకోనివాళ్ళు పెట్టుకునే క్లిప్పు కమ్మలు, ఒక రాయి ఊడిపోయిన చేతిపట్టీ, ఎర్రరాళ్ళ నెక్లెసు, పొట్ట చోట తెల్లరాయి ఉన్న సాలీడు పిన్ను. అన్నీ ఎవరెవరో ఆడవాళ్ళు పెట్టుకుని, తీసి, పోగొట్టుకునో పారేసో వదిలేసినవి. ఆదివారం కూరలకు వెళ్ళినప్పుడు పాతసామాన్ల వీధిలోంచి చుట్టుతిరిగి వచ్చేది కోడలు. అక్కడ ఇనపపెట్టె తెరుచుకుని కూర్చునే ముసలావిడని అందరూ పెట్టె మామ్మ అంటారు. కూరల సంచీలో బీన్సు కింద ఒక పిన్ను, ఇంకోవారం ఒక కమ్మల జత, అలా చేరాయవి ఇంటికి.

బంగారం కొంటే ఇంటిల్లిపాదీ కూర్చుని తూకం చూస్తారు, మాట్లాడుకుంటారు, తీసుకెళ్ళి లాకర్లో పెడతారు. గిల్టు కొంటే నవ్వుతారు, అంతే. ఆ నవ్వుని భరిస్తే చాలు, ఇక ఎవరూ దాని జోలికి రారు. ఆ లెక్క ఆమెకు నచ్చింది. ఇంటికొచ్చిన వాళ్ళ ముందు భర్త అనేవాడు, "మా ఆవిడకి బంగారం అక్కర్లేదండీ, మెరిస్తే చాలు. నా అంత అదృష్టవంతుడు ఉండడు" అని. వాళ్ళు నవ్వేవాళ్ళు. టీ కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వేది. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట అందరూ అంటారు, ఆమె కూడా అంటుంది, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టుగా.

ఆమె పని చేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. ఫ్రేముల మరలు బిగించడం, అద్దాలు అమర్చడం, ముక్కు మీద సరిగ్గా కూర్చోబెట్టడం ఆమె పని. "ఇప్పుడెలా ఉంది? ఇంతకు ముందు బాగుందా, ఇది బాగుందా?" అని రోజంతా జనాన్ని అడుగుతుంది. ఆమెని అలా అడిగినవాళ్ళు లేరు. కొలతలు ఆమె తీస్తే, "సారు లేరా? ఒకసారి సారుని చూడమనండి" అంటారు కొందరు. సారు వచ్చి, ఆమె రాసిన అంకెనే చూసి, అదే అంకె పైకి చదువుతాడు. వాళ్ళు తృప్తిగా వెళ్ళిపోతారు. ఊడ్చే మనిషి రానినాడు చీపురు కూడా ఆమెదే. సారు చీపురు పట్టుకుంటే బాగుండదట.

ఇవేవీ ఆమెని బాధపెట్టడం లేదు. అదే వింత. కాలు మడుచుకుని కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది కదా, అలా ఆమెకి మనిషి మనిషంతా తిమ్మిరెక్కింది. ఎక్కేటప్పుడు తెలియలేదు. ఎప్పుడు మొదలైందో చెప్పమంటే చెప్పలేదు. కోపం రావలసిన చోట రాదు, ఏడుపు రావలసిన చోట ఆవలింత వస్తుంది. దుకాణంలో వేసుకునే తెల్లకోటుకి లోపలివైపు, గుండెకి దగ్గరగా, రోజుకొక బ్రోచ్ గుచ్చుకునేది. ఎవరికీ కనబడదు. వంగినప్పుడల్లా చల్లగా తగిలేది. ఆ చల్లదనం మాత్రం తెలిసేది. అందుకే ఆ డబ్బా అంటే ఆమెకి ప్రాణం. ప్రాణం అన్న మాట ఇక్కడ ఊరికే వాడింది కాదు.

పెట్టె మామ్మ మొదటిరోజే చెప్పింది. "నీళ్ళు తగలనీకమ్మా వీటికి. గాజుకి సొంత వెలుగెక్కడిది? రాయి వెనక సన్నగా వెండిపూత ఉంటుంది, మెరిసేదంతా అదే. తడి లోపలికి పోయిందా, రాయి చచ్చిపోతుంది. మళ్ళీ ఎవరూ బతికించలేరు." పొడిగుడ్డతో తుడవాలి, ఊపిరి కూడా మరీ దగ్గరగా తగలకూడదు. ఆమె అలాగే చూసుకుంది. ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే కదా.

అసలు డబ్బా సంగతి ఎందుకొచ్చిందంటే, ఆడపడుచు కూతురి పెళ్ళి దగ్గరపడింది. ఒకరోజు పొద్దున టిఫిను తింటూ, ఫోనులోంచి తల ఎత్తకుండా భర్త అన్నాడు: "నీ హారం పిల్లకి పెడదామనుకున్నాం."

అనుకున్నాం అంటే ఆయనా, వాళ్ళమ్మా. ఆ హారం ఆమె తల్లిది. తల్లి పోతూ తన చేత్తో కూతురి మెడలో వేసింది. పెళ్ళైన కొత్తల్లో అత్తగారు "ఇంట్లో ఎందుకమ్మాయ్, దొంగలభయం" అని తీసుకెళ్ళి లాకర్లో పెట్టింది. లాకరు తాళం ఆవిడ బొడ్లో ఉంటుంది. హారం పతకం వెనక చిన్న గాటుంది. చంటిపిల్లగా తల్లి ఒళ్ళో పడుకుని, కొత్తగా వచ్చిన పాలపళ్ళతో కొరికిన గాటు. బంగారం మెత్తనిది కాబట్టి నిలిచిపోయింది. తల్లి దాన్ని సాపు చేయించనివ్వలేదు. ఇదంతా ఆమెకి గుర్తొచ్చింది. గుర్తొచ్చి, నోట్లోంచి వచ్చిన మాట ఇదీ: "ఇంకొంచెం వెయ్యనా?"

"చాలు" అన్నాడాయన. దాంతో ఆమె ఒప్పుకున్నట్టు లెక్క కట్టుకున్నారు.

ఆ తర్వాత అత్తగారికి ఒక ధర్మసందేహం వచ్చింది. పెళ్ళిలో చుట్టాలంతా ఉంటారు. కోడలి మెడ బోసిగా ఉంటే నలుగురూ నాలుగు మాటలంటారు. ఇన్నాళ్ళూ చీదరించుకున్న డబ్బా అప్పుడు గుర్తొచ్చింది. దూరంనుంచి ఏది బంగారమో ఎవరికి తెలుస్తుంది?

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి దుప్పట్లు కుర్చీ మీద అలాగే ఉన్నాయి. వంటింటి గట్టు మీద స్టీలు బేసిన్ ఉంది. అందులో సబ్బునురుగు. పక్కన పాత టూత్‌బ్రష్. తువ్వాలు మీద వరసగా ఆరబెట్టిన నగలు. ఆకుపచ్చ ఆకు బూడిదరంగుకి తిరిగింది. ఎర్రరాళ్ళ నెక్లెసు ఎండిపోయిన నెత్తురులా ఉంది. తెల్లరాళ్ళు మరీ ఘోరం, ఒక్కొక్కదాంట్లో నల్లటి మచ్చ, పొరలు కమ్మిన కళ్ళలా. దుకాణంలో అలాంటి కళ్ళు ఆమె రోజూ చూస్తుంది. వాటికి ఆపరేషనుంది.

అత్తగారు బేసిన్ దగ్గరే నిలబడి ఉంది. ఆవిడ వేళ్ళు నానిపోయి ముడతలు పడ్డాయి. మధ్యాహ్నమంతా నడుం వాల్చకుండా తోమినట్టుంది.

"బంగారాన్ని ఎప్పుడూ ఇలాగే కడుగుతానమ్మాయ్, వేణ్ణీళ్ళలో నానబెట్టి" అంది, తప్పు చేసిన పిల్లలా. "తళతళలాడుతూ నువ్వు పెట్టుకొస్తే బాగుంటుందని. ఇదేమిటో తోమినకొద్దీ నల్లబడ్డాయి. నువ్వైనా ఒక మాట చెప్పలేదు."

ఆవిడ మనసులో కుళ్ళు లేదు. నిజంగానే మెరవాలనే తోమింది. మెరవవలసింది కోడలు కాదు, ఇంటి పరువు. అంతే తేడా. భర్త తొంగిచూసి, "గిల్టేగా, పోనీ. ఆదివారం వెళ్ళి ఇంకో గుప్పెడు తెచ్చుకో" అని హాల్లోకి పోయాడు.

ఆమె ఎదురుచూసింది, లోపల ఏదైనా కదులుతుందేమోనని. ఏమీ కదలలేదు. పొడిగుడ్డ తీసుకుని ఒక్కొక్కటే తుడిచి డబ్బాలో పెట్టింది, అంట్లు తుడిచి సర్దినట్టు. తర్వాత అన్నం వడ్డించింది. తర్వాత కుర్చీ దగ్గరికి వెళ్ళి దుప్పటి అంచు గడ్డం కింద ఇరికించుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, సాలీడు పిన్ను డబ్బాలో లేదని. అది దుకాణంలో, మేకుకి వేలాడుతున్న తెల్లకోటు లోపల ఉంది. అది ఒక్కటీ తడవలేదు.

పెళ్ళికి కారులో వెళుతుంటే అత్తగారు వెనక్కి తిరిగి కోడలి మెడ చూసింది. మెడలో పుస్తెలతాడు తప్ప ఏమీ లేదు. కొంగు నిండుగా కప్పుకొమ్మని చెప్పింది. "ఎవరైనా అడిగితే లాకర్లో ఉందని చెప్పు" అంది. "నవ్వుతూ చెప్పు" అన్నాడు భర్త, అద్దంలోంచి చూస్తూ. ఆమె కొంగు భుజం మీద సర్దుకుని, సంచీలోంచి సాలీడు పిన్ను తీసి గుచ్చుకుంది. ఈసారి పైకే. ఎవరూ గమనించలేదు.

పెళ్ళికూతురు ఎదురొచ్చి గట్టిగా కౌగిలించుకుంది. "అత్తా, నువ్వే ఇవ్వాలని పట్టుబట్టావంట కదా, అమ్మమ్మ చెప్పింది. నేను జాగ్రత్తగా చూసుకుంటా" అంది. పిల్ల వంగినప్పుడు పతకం తిరగబడి, వెనకనున్న గాటు కనబడింది. అదే గాటు. "నీకు బాగుందే" అంది ఆమె. నిజంగానే బాగుంది. పిల్ల తప్పేముంది ఇందులో? ఇచ్చినవాళ్ళు ఇచ్చారు, పుచ్చుకుంది. కానీ నేనే పట్టుబట్టానన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. హారం తీసుకున్నారు, సరే. ఆమె నోట్లో లేని మాట కూడా వాళ్ళే తయారుచేసి పెట్టారు.

భోజనాల దగ్గర అత్తగారి అక్క దొరికింది. ఆవిడని చుట్టాల్లో మైకు పెద్దమ్మ అంటారు. ఆవిడ చెవిన వేస్తే హాలంతటికీ చెప్పినట్టే, మైకు అద్దె మిగులుతుంది. పెద్దమ్మ ఆమె భుజం పట్టుకుని ఆపింది.

"ఏమ్మా, మెడ బోసిగా ఉంది? ఈ గాజుపురుగేమిటి భుజం మీద?"

"గాజేనండీ. నేను కొనుక్కున్నాను."

"అది సరేలే. మీ అమ్మ హారం ఉండాలే, అదేదీ?"

పక్కనే ఉన్న అత్తగారి చేతిలో ముద్ద ఆగింది. భర్త రెండు కుర్చీల అవతలనుంచి నవ్వు మొహంతో "లాకర్లో..." అని అందుకోబోయాడు. ఆమె ఆయనవైపు చూడలేదు. అద్దాలు మంగళవారానికి తయారవుతాయని దుకాణంలో చెప్పే గొంతుతోనే చెప్పింది:

"అదిగోనండీ, పెళ్ళికూతురి మెడలో. ఇవ్వాలనుకున్నది నేను కాదు, నన్నెవరూ అడగలేదు. పతకం వెనక నా పంటిగాటు ఉంటుంది చూడండి."

పెద్దమ్మ మెడ చాచి పెళ్ళికూతురి వైపు చూసింది. కోడలికి అరికాళ్ళలో సూదులు గుచ్చుతున్నట్టు మొదలైంది. మోకాళ్ళలోకి ఎక్కింది, చేతుల్లోకి పాకింది, గొంతులోకి వచ్చింది. ఆకుపచ్చ ఆకు గుర్తొచ్చింది, ఎర్రరాళ్ళు గుర్తొచ్చాయి, అమ్మ ఒడి గుర్తొచ్చింది. భర్త దగ్గరికొచ్చి, "పద, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నాడు పళ్ళు బిగించి.

"ఇక్కడే మాట్లాడండి" అంది ఆమె ఏడుస్తూ. "ఇప్పుడిప్పుడే నొప్పి తెలుస్తోంది."