జనవరిలో ఉతికిన జెర్సీలు

ఉన్ని మీద పడిన రక్తపు మరకకి వేడినీళ్ళు తగలకూడదు. తగిలితే అది ఇక జన్మలో పోదు. చన్నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టి, తర్వాత బొటనవేలితో రుద్దాలి. బురదైతే ఆరనిచ్చి దులపాలి. ఈ సంగతులు నాకెవరూ నేర్పలేదు, కెల్బీ ఫుట్‌బాల్ క్లబ్ జెర్సీలు ఇరవై ఆరేళ్ళు ఉతికితే వాటంతటవే వచ్చాయి. పెద్ద జట్టువి ఇరవై, రెండో జట్టువి ఇరవై, కుర్రాళ్ళ జట్టువి ఇరవై. పెరట్లో గుండ్రంగా తిరిగే దండెం మీద అవన్నీ గాలికి ఊగుతుంటే, తలల్లేని మగాళ్ళు నా చుట్టూ తిరుగుతున్నట్టు ఉండేది.

మా ఆయన క్లైవ్ ఆ క్లబ్‌కి కోశాధికారి. పెళ్ళైన కొత్తలో ఒక ఆదివారం మొదటి సంచి తెచ్చి వంటింట్లో దించి, "ఈ ఒక్క వారానికే ఐలీన్. లాండ్రీ వాడు మరీ ఎక్కువ అడుగుతున్నాడు" అన్నాడు. ఆ ఒక్క వారం అలా సాగుతూనే పోయింది. ఏటా ఆటలు ముగిశాక జరిగే విందులో క్లబ్ అధ్యక్షుడు కీత్ గ్లాసు ఎత్తి, "మన ఐలీన్ చేతుల కోసం!" అనేవాడు. మగాళ్ళంతా బల్లలు చరిచేవాళ్ళు. ఆ గదిలోకి ఆడవాళ్ళని రానివ్వరు. ఆ మాటని ప్రతి ఏడూ నేను గోడ ఇవతల, శాండ్‌విచ్‌లు కోస్తూ విన్నాను.

బడి పన్నెండో ఏటే మానేశాను. చదువు నేర్చుకున్నది బురద బూట్ల కింద పరిచిన పాత పేపర్ల మీద. క్లైవ్‌కి అదొక వేళాకోళం. "మా ఆవిడకి పేపర్ ఎందుకురా? బూట్లు పెట్టుకోడానికి" అని స్నేహితులతో అనేవాడు. జీతాల హద్దు సంగతి కూడా అలాంటి పేపర్లోనే చదివాను. క్లబ్బులన్నిటి టికెట్ల డబ్బు, టీవీ డబ్బు పోటీలు నడిపే లీగ్ ఒకచోట చేర్చి అందరికీ పంచుతుందట. డబ్బున్న క్లబ్ మంచి ఆటగాళ్ళందర్నీ ఎగరేసుకుపోకుండా, ఆటగాళ్ళ జీతాలన్నీ కలిపి ఇంతకు మించకూడదని హద్దు కూడా గీసిందట. పేద క్లబ్ కూడా ఎప్పుడో ఒకప్పుడు గెలవాలి కదా అని. బూటు చేత్తో పట్టుకుని ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. ఇలాంటి ఆలోచన మగాళ్ళకి వస్తుందని నాకప్పటిదాకా తెలీదు.

మా తొమ్మిదో నంబర్ ఆటగాడు రస్ టకీకి ఆ హద్దులో దొరికే జీతం ఆనలేదు. వేరే క్లబ్‌కి పోతానని బెదిరించాడు. తొంభైలో, ఆటలు మొదలయ్యే రోజుల్లో, నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే క్లైవ్ ఒక కాగితాల కట్ట తెచ్చాడు.

"సబ్బు బిల్లులు. సంతకాలు పెట్టెయ్."

చదవగలను. కానీ పై సగం మీద అరచెయ్యి ఆనించి, కింద గీత మాత్రమే చూపించాడు. తడి చేతులు తుడుచుకుని, ఏడాదికి సరిపడా సంతకాలు పెట్టాను.

మరుసటి ఏడు జూన్‌లో, మా దేశపు చలికాలంలో, లీగ్ నుంచి విచారణకి రమ్మని నా పేర ఉత్తరం వచ్చింది. అప్పుడు గానీ క్లైవ్ అసలు విషయం చెప్పలేదు. లాండ్రీ కింద వారానికి నాలుగు వందల డాలర్లు నాకు ఇస్తున్నట్టు రాశారు. ఆ డబ్బు జీతాల హద్దు లెక్కలోకి రాకుండా రస్‌కి చేరుతోంది.

"ఏమడిగినా అవునను, చాలు. కాదన్నావో, క్లబ్‌కి పాయింట్లు కోస్తారు. నన్ను మెడపట్టి గెంటుతారు. అయినా ఉతికావు కదే! అందులో అబద్ధమేముంది?"

"డబ్బు తీసుకోలేదు కదా క్లైవ్."

"నీకు డబ్బెందుకు? తిండి పెట్టడం లేదా నేను?"

విచారణ రోజున ఇస్త్రీపెట్టె ఆపానో లేదో అని మూడుసార్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. లీగ్ ఆఫీసులో హాల్సీ అనే యువకుడు మర్యాదగా కుర్చీ చూపించాడు. క్లైవ్ నా పక్కనే కూర్చున్నాడు.

"జెర్సీలు ఉతికేది మీరేనా, మిసెస్ పాస్కో?"

"అవును."

"ప్రతి వారం?"

"అవును."

"ఏడాది పొడుగునా?"

బల్ల కింద క్లైవ్ మోకాలు నా మోకాలిని పొడిచింది. హాల్సీ కాగితం నా వైపు తిప్పాడు. యాభై రెండు వారాలు, యాభై రెండు సంతకాలు. డిసెంబరు కూడా ఉంది, జనవరి కూడా ఉంది. మా దేశంలో ఎండలు మండేది ఆ నెలల్లోనే, అప్పుడు ఎవరూ ఆడరు. జెర్సీలు కలరా ఉండల మధ్య ట్రంకులో పడుంటాయి. క్లైవ్ చూశాడు, కీత్ చూశాడు, లెక్కలు తనిఖీ చేసే ఆయనా చూశాడు. ఒక్కడికీ తట్టలేదు. బల్ల మీదికి భోజనం వచ్చినట్టు, ఆడినా ఆడకపోయినా ఉతుకు కూడా ఎక్కడో నడుస్తూనే ఉంటుందనుకున్నారు.

జనవరి పదిహేడు దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆ వారం సముద్రం అవతల, లాన్సెస్టన్ ఆసుపత్రిలో మా అమ్మ ఉంది. "తలుపు వైపే చూస్తోందే" అని అక్క ఫోన్ చేసింది. టికెట్టుకి అడిగితే క్లైవ్ పేపర్ అయినా దించకుండా, "ఇంట్లో చిల్లిగవ్వ లేదు. అయినా వెళ్ళి ఏం చేస్తావు, నువ్వేమన్నా డాక్టరువా?" అన్నాడు. అమ్మ మూడు రోజులు తలుపు వైపు చూసి పోయింది. నాన్న పోయినప్పుడు ఫైనల్స్ అన్నాడు, వెళ్ళలేదు. తమ్ముడు యుద్ధానికి ఓడెక్కినప్పుడు దండెం మీద అరవై జెర్సీలు, వానొచ్చేలా ఉంది. వాడు తిరిగి రాలేదు. నేనెవరినీ సాగనంపలేదు.

"జనవరిలో ఎవరూ ఆడరు బాబూ" అన్నాను. "ఆ వారం మా అమ్మ చనిపోయింది. వెళ్ళడానికి డబ్బు లేదన్నారు."

"మరి ఈ నాలుగు వందలు?"

"నా కంటబడలేదు. ఏ వారమూ."

బయటికొస్తుంటే అక్కడి గుమాస్తా ఒక కవరు ఇచ్చింది. సాక్షులకిచ్చే దారిఖర్చట. ఫుట్‌బాల్ నుంచి నా చేతికొచ్చిన మొదటి డబ్బు.

మాంసం కొట్లో అద్దాల వెనక వేట మాంసం వేలాడుతుండగానే, "అయిపోయింది మిసెస్ పాస్కో" అన్నాడు కొట్టతను. వెనక నిలబడ్డ కీత్ భార్య నాకు వినబడేలా, "కూడు పెట్టిన చెయ్యే కొరికింది" అంది. రస్ టకీకి ఏమీ కాలేదు. ఆ శనివారం ఐదు గోల్స్ కొట్టాడు. క్లైవ్ నాతో మాటలు మానేశాడు. ఆదివారం మాత్రం సంచి తెచ్చి వంటింట్లో దించాడు.

"ఇదైనా చేస్తావా?"

రక్తపు మరకలున్నవి ఏరి ఉప్పునీళ్ళలో వేశాను.

సోమవారం పేపర్లో తీర్పు వచ్చింది. క్లైవ్ బల్ల దగ్గర పైకే చదివాడు. జరిమానా, ఎనిమిది పాయింట్ల కోత, కోశాధికారికి ఉద్వాసన. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. కోశాధికారి భార్య పేరిట చూపిన లాండ్రీ పని కల్పితం, ఆమె ఏనాడూ క్లబ్‌కి పని చేసిన దాఖలా లేదు.

పది రోజుల్లో మొదటిసారి నవ్వాడు క్లైవ్. కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వాడు.

"విన్నావా? ఇరవై ఆరేళ్ళూ నువ్వేం చెయ్యలేదటే! లీగే తేల్చేసింది!"

పేపర్ అతని చేతిలోంచి తీసుకుని నేనే చదివాను. ఒక్క మాట కూడా తేడా లేదు. కత్తెరతో ఆ ముక్క కత్తిరించి దారిఖర్చు కవర్లో పెట్టుకున్నాను. తర్వాత తొట్టి దగ్గరికి వెళ్ళి వేడినీళ్ళ కుళాయి పూర్తిగా తిప్పాను. గది నిండా ఆవిరి కమ్ముకుంది. నీళ్ళు గోధుమరంగుకి తిరిగేదాకా నిలబడి చూశాను. నీళ్ళోడుతున్న ఉన్నిని బురద జెర్సీల మధ్య కుక్కి, సంచి మూతి బిగించి రెండు ముళ్ళు వేశాను.

కోటు తొడుక్కుంటుంటే క్లైవ్ గుమ్మంలోకి వచ్చాడు.

"ఎక్కడికి?"

"అమ్మ దగ్గరికి. ఓడ సాయంత్రం ఉంది."

"శనివారం మ్యాచ్ పెట్టుకుని పోతావా? జెర్సీలు?"

"ఏ జెర్సీలు, క్లైవ్?" అన్నాను.