మొదటి చైర్మన్‌గారి గది

టౌన్‌హాలు వెనక గోడకు ఆనుకుని ఒక గది ఉంది. వాచ్‌మన్ పెళ్లయిన కొత్తలో అందులో కాపురం పెట్టాడు. పిల్లలు అక్కడే పుట్టి, పెరిగి, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. ఇన్నాళ్లకు ఇంజనీరు వచ్చి, గది పడగొట్టి స్కూటర్ల షెడ్డు వేస్తామన్నాడు. 

మర్నాడు కొత్త మున్సిపల్ చైర్మన్‌గారు ఇంజనీరును వెంటబెట్టుకుని గది చూడ్డానికి వచ్చారు. ఆయనకు చరిత్ర అంటే ప్రాణం. హాల్లో విరిగిన కుర్చీ కనబడినా "ఇదెవరి కాలం నాటిదోయ్?" అని అడుగుతారు. వాచ్‌మన్ చేతులు కట్టుకున్నాడు.

"ఇది మొదటి చైర్మన్‌గారు ఉన్న గదండీ. హాలు కట్టినన్నాళ్లూ ఇల్లొదిలి ఇక్కడే పడుకునేవారట."

"ఎవరు చెప్పారు?"

"మా తాతండీ."

ఆ తాత ఈ ఊరి మొహమే ఎరగడు. చైర్మన్‌గారికి మాత్రం కళ్లు చెమర్చాయి. "ఏమండీ ఇంజనీరుగారూ, దీన్నా పడగొడతానన్నారు?"

వాళ్లు వెళ్లగానే భార్య అందుకుంది. "ఎంత మాటన్నావయ్యా! పైవాడు వింటాడన్న భయం లేదూ?"

"ఆయనకేమే, ఊరూరా ఇళ్లే. మనకున్నది ఇదొక్కటే."

"చూద్దాం, ఆయన ఏమంటాడో."

దేవుడు ఏమీ అనలేదు. మున్సిపాలిటీయే అంది. గదిని చరిత్ర గుర్తుగా కాపాడాలని తీర్మానించారు. కనుక అందులో ఎవరూ కాపురం ఉండకూడదు.

"నీ పుణ్యమా అని గది నిలిచిందోయ్," అని చైర్మన్‌గారు భుజం తట్టారు. "సాయంత్రానికల్లా సామాను తీసెయ్."

వాచ్‌మన్ నోరు తెరిచాడు. నిజం చెబితే షెడ్డు, చెప్పకపోతే తాళం. తాళమైతే గోడలైనా మిగులుతాయి. తెరిచిన నోరు మూసుకుని, భార్యతో కూతురింటి వరండాకు చేరాడు. అబద్ధానికి శిక్ష పడిందో, వరమే ఇలా వచ్చిందో అతనికి అంతుపట్టలేదు.

ప్రారంభోత్సవం నాడు గుమ్మానికి అడ్డంగా తాడు కట్టారు. వచ్చినవాళ్లకు గది కథ చెప్పే పని వాచ్‌మన్‌దే. భార్య కూడా జనంలో నిలబడి వింటోంది. ఒక పంతులమ్మ లోపలికి తొంగి చూసి, "ఆ మూల గోడంతా అంత నల్లగా ఉందేం?" అంది.

అతను తడుముకునేలోగా చైర్మన్‌గారే అందుకున్నారు. "తెల్లవార్లూ దీపం పెట్టుకుని ప్లాన్లు గీసేవారమ్మా! అందుకే అక్కడ సున్నం వెయ్యొద్దన్నాను."

వాచ్‌మన్ భయంభయంగా భార్య వైపు చూశాడు. ఆ మూల పొయ్యి ఊదీ ఊదీ ఊపిరితిత్తులు పాడుచేసుకున్నది ఆవిడే.

"మహానుభావుడు," అంది ఆవిడ పక్కనున్నామెతో. "ఎంత దగ్గి ఉంటాడో పాపం!"