కింది చేనుకి పోయే నీళ్ళు

ఆమె వంకాయలకి బజారులో మంచి పేరుండేది. నల్లగా నిగనిగలాడుతూ, లోపల ముదురు గింజ లేకుండా ఉండేవి. కూరగాయల కొట్టువాళ్ళు ఆమె గంపలు దిగేదాకా వేరేవాళ్ళ సరుకు వంక చూసేవాళ్ళు కాదు. ఆ పేరు మీద మోజుతో ఆమె ఏటా అదే మడిలో వంగే వేస్తూ వచ్చింది.

"నేలకి మాత్రం విసుగు పుట్టదా? ఒక్క ఏడాది ఇంకోటి వెయ్యరాదూ" అనేది అత్తగారు. ఆవిడ కుట్టుమిషను ముందు నుంచి లేవకుండానే సేద్యం చేయిస్తుందని భర్త నవ్వేవాడు. అతను బస్సు నడుపుతాడు. పొలం పనంతా ఆమెదే.

తోట పూతకొచ్చాక ఒక మధ్యాహ్నం కొన్ని మొక్కలు తల వాల్చేశాయి. ఎండ దెబ్బేమో అనుకుంది. సాయంత్రానికి తేరుకున్నాయి కూడా. మర్నాడు ఇంకాస్త ఎక్కువ నీళ్ళు పెట్టింది. అవి మళ్ళీ వాలాయి. ఈసారి సాయంత్రం చల్లబడినా లేవలేదు. ఆకు పండలేదు, మచ్చ పడలేదు. పచ్చగా ఉన్నవి ఉన్నట్టే వడలిపోయాయి. రోజులు గడిచేకొద్దీ నీళ్ళు పారిన బోదె వెంటే వరసగా ఒకదాని తర్వాత ఒకటి పడిపోసాగాయి.

మొక్కల డాక్టరమ్మ అని అందరూ పిలిచే వ్యవసాయాధికారి కబురందగానే వచ్చింది. ఒక మొక్క పీకి, మొదలు దగ్గర కాండం కోసి, గాజుగ్లాసులో నీళ్ళు పోసి అందులో నిలబెట్టింది. ఇద్దరూ గట్టు మీద కూర్చుని చూశారు. కాసేపటికి కోసిన చోటు నుంచి తెల్లటి దారం లాంటిది సన్నగా కిందికి దిగింది.

"ఎండు తెగులు. పురుగు కాదు, కంటికి కనపడని సూక్ష్మజీవి. మట్టిలో ఉండి వేళ్ళలోంచి ఎక్కి నీటి దారులు మూసేస్తుంది" అంది డాక్టరమ్మ.

"ఏం కొట్టమంటారు?"

"కొట్టేందుకు మందు లేదమ్మా. ఉందని అమ్మేవాళ్ళుంటారు, కొనకు. వాడిన మొక్కల్ని వేళ్ళతో సహా పీకి దూరంగా తగలబెట్టు. ఎరువు గుంటలో మాత్రం వెయ్యకు. పార, కొడవలి బ్లీచింగ్ పౌడర్ నీళ్ళతో కడుగు. అన్నిటికన్నా ముందు ఈ మడిలో పారిన నీళ్ళు బయటికి పోకుండా చూడు. ఇది నీళ్ళెక్కి ప్రయాణం చేస్తుంది."

ఆ చివరి మాట వినగానే ఆమె గట్టు దిగువకి చూసింది. ఆమె మడి దాటిన నీళ్ళే కింది చేనుకి పోతాయి. కింది చేను గొణుగుడాయనది. ఆ పేరు ఆయన ముందు ఎవరూ అనరు గానీ, వెనకాల అందరూ అనేదే. నీళ్ళ వంతు దగ్గర ఆయనకీ ఆమె మామగారికీ ఎప్పుడో మాటామాటా పెరిగింది. మామగారు పోయారు గానీ ఆగిన మాటలు ఆగినట్టే ఉండిపోయాయి. ఇప్పుడు ఆయన చేను నిండా టమాటా ఉంది. టమాటాకి కూడా ఇదే తెగులు వస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

"మనమే చెప్పుకుంటే తప్పంతా మన నెత్తినే పడుతుంది. ఆయన నోరు తెలుసుగా" అంది అత్తగారు దారం తెంపుతూ.

"చెప్పకపోతే ఆయన టమాటా పోతుంది కదత్తయ్యా."

అత్తగారు మిషను ఆపి కోడలి ముఖం చూసింది. "సరే, చెప్పులేసుకో. నేనూ వస్తాను. తిడితే చెరిసగం పంచుకుందాం."

ఆయన టమాటాకి కర్రలు పాతుతున్నాడు. వచ్చింది ఎవరో చూసి కూడా చూడనట్టు పని చేసుకుపోతున్నాడు.

"మామయ్యా, మా తోటకి ఎండు తెగులొచ్చింది. నీళ్ళ వెంట పాకుతుందట. మా మడి మీదుగా వచ్చే నీళ్ళు మీ చేలోకి రానివ్వకండి" అంది ఆమె.

"నిన్నటిదాకా పారాయిగా."

"పారాయి. నాకు ఇవాళే తెలిసింది. వెంటనే వచ్చాను."

ఆయన కర్ర వదిలేసి లేచాడు. "నీళ్ళాపితే నా చేను ఏం తాగాలి? గాలా? సరిగ్గా కాయ పట్టే టైముకి వచ్చి చెప్తారు..." అని గొణుక్కుంటూ గట్టు వైపు నడిచాడు. అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన నేరుగా వెళ్ళి పారతో మట్టి తీసి తన చేను నోరు కట్టేశాడు. పారని కాలితో తొక్కి పెట్టి, "ఇంకేం చెప్పింది ఆ డాక్టరమ్మ?" అన్నాడు.

"పై గట్టు వారగా, మా నేలలోంచే కొత్త కాలువ తీస్తే మంచి నీళ్ళు మీకు విడిగా వస్తాయి. నేను తవ్వుతాను మామయ్యా."

"నువ్వొక్కదానివీ తవ్వేసరికి నా టమాటా వరుగులవుతుంది" అన్నాడు ఆయన.

మర్నాడు తెల్లవారేసరికి ఆమె కన్నా ముందే పలుగుతో వచ్చి ఉన్నాడు. సెలవు పెట్టి భర్త కూడా వచ్చాడు. స్టీరింగు పట్టే చేతులు బొబ్బలెక్కాయని మొదటి గంటలోనే మొదలుపెట్టాడు. "బస్సయితే హారన్ కొడితే అందరూ తప్పుకుంటారు, ఈ రాయి తప్పుకోదేం?" అంటే గొణుగుడాయన మూతి ముడిచి నవ్వాపుకున్నాడు. కాలువ పూర్తయ్యేదాకా ఆయనా, ఆయన భార్యా బావి నుంచి బిందెలతో మోసి టమాటా బతికించుకున్నారు. ఒక్కసారి కూడా ఆమెని ఎత్తిపొడవలేదు.

కొత్త కాలువలో నీళ్ళు వదిలాక, ఆ నీళ్ళ వెంటే నడుస్తూ ఆమె మొదటిసారి ఆయన చేలోకి అడుగుపెట్టింది. గట్టు పక్కన ఒక సాలు మొత్తం ఖాళీగా ఉంది. మట్టి తవ్విన గుర్తులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అక్కడి మొక్కలు ఎప్పుడు వాలిపోయాయో, ఎప్పుడు పీకేశాడో ఆమెకి ఒక్క మాట చెప్పలేదు.

"మామయ్యా, ఇవి..."

"ఆ, పోయాయి. మిగతావి ఉన్నాయిగా. నీళ్ళు ఎక్కువొస్తున్నాయి, వెళ్ళి తూము తగ్గించు."

ఆ మడిలో ఆమె వెంటనే మళ్ళీ వంగ వెయ్యలేదు. మొక్కజొన్న వేసింది. ఈలోగా డాక్టరమ్మ ఇంకో దారి చూపించింది. పొదల్లో ముళ్ళతో పెరిగే ఉస్తి మొక్క వంగకి చుట్టమేనట. దాని వేళ్ళు ఈ తెగులుకి అంత తేలిగ్గా లొంగవట. ఉస్తి మొదలు మీద వంగ తల అంటు కట్టాలి.

ఉస్తి నెమ్మదిగా పెరుగుతుందని దాన్ని ముందు మొలకెత్తించారు. వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నారు. లేత కాండాన్ని బ్లేడుతో ఏటవాలుగా కొయ్యాలి, రెండు కోతలూ ఒకదానికొకటి అతకాలి, చిన్న క్లిప్పు పెట్టాలి. ఆమె కట్టినవి చాలావరకు వాడిపోయాయి. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, "ఇటు తే. ఇది బట్ట అతుకు లాంటిదే, అంచు అంచుకి కూర్చోవాలి" అని బ్లేడు అందుకుంది. ఆవిడ కట్టినవి ప్లాస్టిక్ షీటు కింద, నీడలో, చిగుళ్ళేశాయి. ఆ రోజు నుంచి ఇంట్లో ఆవిడని పట్టలేకపోయారు. వచ్చేపోయే వాళ్ళందరికీ ట్రేలు చూపించడమే పని.

మొక్కజొన్న కోత అయ్యాక అదే మడిలో నాటేటప్పుడు అతుకు మట్టిలో పూడిపోకుండా పైకి ఉంచారు. పూడిందంటే వంగ తన సొంత వేళ్ళు దింపుకుంటుంది, కథ మొదటికొస్తుంది. మట్టి ఎగదోసిన చోటల్లా గొణుగుడాయన వచ్చి వేలితో సర్దేవాడు. "కళ్ళు నెత్తికెక్కాయి, లోతుగా పెడుతున్నారు" అంటూ.

మధ్యాహ్నం ఎండలో ఆమె రోజూ వెళ్ళి గట్టు మీద నిలబడేది. ఆకులు నిటారుగా ఉంటే ఇంటికొచ్చి అన్నం తినేది. కొన్ని మొక్కలు పోయాయి. తోట మాత్రం నిలబడింది.

మొదటి కోత గంప బజారుకి పంపలేదు. నెత్తిన పెట్టుకుని గొణుగుడాయన ఇంటికి తీసుకెళ్ళింది. ఆయన గంపలోకి తొంగి చూసి, ఒక కాయ తీసి నొక్కి, మళ్ళీ లోపల పెట్టేశాడు.

"బాగున్నాయి. కానీ నేను తినను. వంకాయ తింటే నాకు ఒళ్ళంతా దద్దుర్లు. చిన్నప్పటి నుంచీ అంతే" అన్నాడు.

లోపల నుంచి ఆయన భార్య నవ్వుతూ వచ్చి గంప అందుకుంది. "ఆయన తినకపోతే నేను లేనా? ఈయన వల్ల ఎన్నేళ్ళయిందో వంకాయ వండి!"

"మరి అంత చాకిరీ చేశారేంటి మామయ్యా మా తోటకి?" అంది ఆమె.

ఆయన కండువాతో మెడ తుడుచుకున్నాడు. ఏదో గొణిగాడు. ఆమెకి వినపడక ముందుకి వంగింది.

"నువ్వు వచ్చి చెప్పావు కదమ్మా" అన్నాడు, ఈసారి కాస్త గట్టిగా. "నాకెవరూ ముందుగా వచ్చి ఏదీ చెప్పరు."

ధన్యవాదాలు అనే మాట బస్సులో అపరిచితులకి చెప్పేదానిలా ఆమెకి చాలా చిన్నగా అనిపించింది. వంగి ఆయన పాదాలు ముట్టబోతే, "నడుం పట్టేస్తుంది, లే లే" అని పక్కకి జరిగాడు. ఆయన భార్య కుర్చీ లాగి కూర్చోమంది. ఆమె ఆ సాయంత్రం చాలాసేపు అక్కడే కూర్చుంది.